మీట నొక్కిన తరువాత ఏమి జరుగుతుంది?

(శ్రీకాకుళంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా గారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెన్షను అన్నది ఏలినవారి దయాధర్మం కాదు, చేసిన సేవకు సంక్రమించిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు నన్ను వేరే విషయం చెప్పమన్నారు. సెల్‌ఫోనులోనో, నెట్ సెంటరు కంప్యూటరులోనో వివరాలు నింపి మీట నొక్కుతాం కదా, ఆ తరువాత తెర వెనుక ఏమి జరుగుతుంది అన్నదే ఆ విషయం.

ఇది పిల్లల సబ్జెక్టు, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. హక్కు ఉండటం ఒక ఎత్తు. ఆ హక్కు తాలూకు డబ్బు నెలనెలా ఖాతాలో పడటం మరొక ఎత్తు. ఆ రెండోది ఇప్పుడు చాలామందికి ఈ మీట మీద ఆధారపడి ఉంది. అందుచేత మనకే ఎక్కువ కావాలి.

నేను ఇంజనీరుని కాను. ముప్పయ్యేళ్లకు పైగా కాగితాల మధ్య బతికిన గుమాస్తాని. రిటైరయ్యాక మనవల పక్కన కూర్చుని, అడిగిందే అడిగి తెలుసుకున్నది మీకు మన ఆఫీసు భాషలో చెబుతాను.

తపాలు బుక్కు కథ

మన సెక్షను నుండి ఒక కాగితం ట్రెజరీకి వెళ్లాలనుకోండి. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, గుమాస్తా తానే లేచి కాగితం పట్టుకుని వెళ్లడం. ఆయన తిరిగి వచ్చేదాకా సీటు ఖాళీ. బల్ల దగ్గర నిలబడ్డవారు నిలబడే ఉంటారు. తీరా అక్కడ "నాలుగో కాలం నింపలేదు" అంటే, వెనక్కి వచ్చి మళ్లీ మొదటినుండి మొదలు. రెండోది, అటెండరుకు తపాలు బుక్కు ఇచ్చి పంపడం. గుమాస్తా తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. అటెండరు వెళ్లి, కాగితం ఇచ్చి, బుక్కులో సంతకం, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని వస్తాడు.

ఇంటర్నెట్టు తొలి రోజులలో నడిచింది మొదటి పద్ధతి. ఇరవై గళ్లు నింపి మీట నొక్కితే తెరంతా తెల్లబడేది. కొంతసేపటికి కొత్త పేజీ వచ్చేది. అందులో "పిన్‌కోడు తప్పు" అని ఉంటే, చాలాసార్లు అన్ని గళ్లూ మళ్లీ నింపుకోవలసి వచ్చేది. నెట్ సెంటరులో గంటకింత అని డబ్బు కట్టి ఆ అవస్థ పడినవారు ఈ సభలోనే ఉన్నారు.

రెండో పద్ధతి తరువాత వచ్చింది. ఇక్కడ అటెండరు పని చేసేదాన్ని స్క్రిప్టు అంటారు. నాటకంలో ఎవరు ఎప్పుడు ఏమి చేయాలో రాసిపెట్టినట్టే, పేజీలో ఎప్పుడు ఏమి చేయాలో రాసిపెట్టిన ఆజ్ఞల వరుస అది. ఆ ఆజ్ఞలు రాసే జావాస్క్రిప్టు అనే భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనే ఆయన తయారు చేశారు. పేజీ కదలకుండా వెనుకనుండి సర్వరుకు కబురు పంపే ఏర్పాటు 1999లో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అయిదో కూర్పులో వచ్చింది. ఆఫీసు ఉత్తరాలను బ్రౌజరులోనే చూసుకోవడానికి ఆ సంస్థలో అలెక్స్ హాప్‌మన్ మొదలైనవారు చేసిన పని అది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ ఈ పద్ధతిని ప్రపంచమంతటికీ చూపించాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ అనే ఆయన దీనికి "అజాక్స్" అని పేరు పెట్టారు. పేరు ఎలా ఉన్నా పని మాత్రం మన తపాలు బుక్కు పనే.

ఇంతకూ ఆ అటెండరు చేతిలో ఏముంటుంది? మొదటిది చిరునామా. రెండోది పని రకం, అంటే చూసి రమ్మన్నామా, దాఖలు చేసి రమ్మన్నామా అన్నది. మూడోది పైన అంటించిన చీటీ, లోపల ఉన్నది ఏ రకం కాగితమో చెప్పేది. నాలుగోది అసలు కాగితం, మనం నింపిన వివరాలు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మూడంకెల సంఖ్య, దానితోపాటు జవాబు తెస్తుంది. 200 అంటే పని సక్రమం. 400 అంటే మనం పంపిన దానిలోనే తేడా. 403 అంటే ఆ పనికి అనుమతి లేదు. 404 అంటే ఆ చిరునామాలో అటువంటిది లేదు. 500 అంటే అవతలి ఆఫీసులోనే ఏదో చెడింది. నాలుగుతో మొదలైతే సాధారణంగా మనవైపు చూసుకోవాలి. అయిదుతో మొదలైతే తప్పు అవతలివారిది, కాసేపు ఆగాలి. అది మన తప్పేమోనని బెంగపడి వివరాలన్నీ మార్చి మార్చి నింపేవారిని చూశాను. అవసరం లేదు.

గిరగిర తిరిగే చక్రం

మీట నొక్కగానే తెరమీద చిన్న చక్రం తిరుగుతుంది. దాని అర్థం ఒక్కటే: అటెండరు ఇంకా తిరిగి రాలేదు. పని అయిందని గాని, కాలేదని గాని అది చెప్పదు.

ఇక్కడే అసలు చిక్కు. నాగావళి అవతల ఆఫీసుకు మనిషిని పంపారనుకోండి. సాయంత్రమైనా రాలేదు. అతను నది దాటకముందే వరద వచ్చి ఆగిపోయి ఉండవచ్చు. అంటే కాగితం అందలేదు. అవతలికి చేరి, అక్కడ వరుసలో నిలబడి ఉండవచ్చు. లేదా కాగితం ఇచ్చేసి, ఇన్‌వార్డు వేయించుకుని, తిరుగు దారిలో వరదకు చిక్కుకుని ఉండవచ్చు. అంటే పని అయిపోయింది, కాని మనకు తెలియదు. ఈ ఒడ్డున కూర్చున్నవానికి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

తొందరపడి అదే కాగితంతో రెండో మనిషిని పంపితే, అక్కడ రెండు కాగితాలు జమ కావచ్చు. మామూలు దరఖాస్తయితే పోనీ అనుకోవచ్చు. డబ్బు చెల్లింపయితే రెండుసార్లు కట్ అవుతుంది. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టామని వచ్చే ఫిర్యాదుల వెనుక తరచు ఉండేది ఇదే. తెలివైన సర్వరు దీనికి మన పాత మందే వేస్తుంది. ప్రతి కాగితానికి బయలుదేరేటప్పుడే ఒక నంబరు ఇస్తుంది. అదే నంబరుతో రెండోసారి వస్తే, "ఇది ముందే వచ్చింది" అని పాత జవాబే ఇచ్చి పంపుతుంది. అన్ని చోట్లా ఈ జాగ్రత్త ఉందని మనం నమ్మడానికి లేదు. అందుచేత రెండోసారి నొక్కేముందు ఖాతా చూసుకోవడం మన జాగ్రత్త.

డబ్బు విషయంలో మనకొక రక్షణ కూడా ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యు.పి.ఐ.లో ఒకరికి డబ్బు పంపినప్పుడు మన ఖాతాలో తగ్గి అవతలివారికి చేరకపోతే, ఆ డబ్బు మరుసటి రోజు లోపల దానంతట అదే తిరిగి జమ కావాలి. దుకాణానికి చెల్లించినదయితే అయిదు రోజులలో. ఏ.టి.ఎం.లో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా అయిదు రోజులలో. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది మనం అడుక్కునేది కాదు, నియమం.

మీ అందరి ఫోనులో ఉన్న ఉదాహరణ

మనవలకు వాట్సాప్‌లో కబురు పంపుతారు కదా. పక్కన గడియారం బొమ్మ ఉంటే కబురు ఇంకా మన ఫోనులోనే ఉంది. ఒక టిక్కు పడితే సర్వరుకు చేరింది. రెండు టిక్కులు పడితే మనవడి ఫోనుకు చేరింది. అవి నీలం రంగుకు మారితే చదివాడు. అంటే చేతిలో ఉండటం, ఆఫీసుకు చేరటం, సంబంధిత వ్యక్తికి అందటం, ఆయన చూడటం అనే నాలుగు మెట్లు. మన ఆఫీసుల్లోనూ అంతే కదా. డిస్పాచి, ఇన్‌వార్డు, సెక్షను, అధికారి సంతకం. "కాగితం పంపించేశాను" అన్నవానికీ, "ఆర్డరు వచ్చింది" అన్నవానికీ ఎంత తేడా ఉందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

జీవన్ ప్రమాణ్ మాట

ఇక మన బతుకుకు సంబంధించిన విషయానికి వస్తాను. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. అంతకుముందు ఏటేటా "నేను బతికే ఉన్నాను" అని చెప్పుకోవడానికి స్వయంగా వెళ్లి నిలబడవలసి వచ్చేది, లేకపోతే అధికారి సంతకంతో పత్రం పంపవలసి వచ్చేది. ఇప్పుడు ఆధారు నంబరు, పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి వేలిముద్రో, కనుపాపో చూపిస్తే ధ్రువపత్రం తయారవుతుంది. 2020 నవంబరు నుండి పోస్టుమాన్ ఇంటికి వచ్చి కొద్దిపాటి రుసుముతో ఈ పని చేసే ఏర్పాటు ఉంది. వేలిముద్రలు అరిగిపోయిన మనబోటివారి కోసం 2021 నవంబరులో ముఖం చూపి చేసుకునే పద్ధతి కూడా వచ్చింది. మంచం పట్టినవారికి ఇది నిజంగా మేలు. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే మన సభ్యులలో ఒక కుటుంబ పెన్షనరు సోదరికి జరిగినది చెబుతాను. ఆమె పేరు, ఊరు చెప్పను. ఆమె ఒక నెట్ సెంటరులో వేలిముద్ర వేసింది. యంత్రం మీద దీపం వెలిగింది. తెరమీద చక్రం తిరుగుతోంది. వెనుక పదిమంది నిలబడి ఉన్నారు. అక్కడి అబ్బాయి, "అయిపోనాదమ్మా, ఇంటికెల్లిపో" అన్నాడు. అతనిలో దురుద్దేశమేమీ లేదు, దీపం చూసి అన్నాడు. ఆమె నిశ్చింతగా వెళ్లిపోయింది. గడువు దాటిన నెలలో పెన్షను పడలేదు. ఆలస్యమేమో అనుకుంది. రెండో నెల కూడా పడలేదు. బి.పి. మాత్రలు అరువు తెచ్చుకుంది. భర్త ఉద్యోగం చేసినంతకాలం ఎవరి దగ్గరా చేయిచాచని ఇల్లు అది. బ్యాంకుకు వెళ్తే "మాకు రికార్డు రాలేదు" అన్నారు. "నేను ఏలు ఏసినాను బాబూ" అంటుంది ఆమె. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఎలా నిజం? ఆ పనిలో తెర వెనుక ఒక్క ప్రయాణం కాదు, కొన్ని ప్రయాణాలున్నాయి. దీపం వెలగడం అంటే యంత్రం వేలిని పట్టుకుంది అని మాత్రమే. తరువాత ఆ ముద్ర ఆధారు సర్వరుకు వెళ్లి, ఈమే ఆ మనిషి అని జవాబు రావాలి. ఆ తరువాత ధ్రువపత్రం నమోదై, ప్రమాణ్ నంబరు పుట్టాలి. పెన్షను ఇచ్చే కార్యాలయం దానిని తీసుకుని తన రికార్డులో వేసుకోవాలి. ఆమె విషయంలో మొదటి మెట్టు దాటింది, నంబరు పుట్టే మెట్టు దాటలేదు. చివరికి మళ్లీ ధ్రువపత్రం ఇచ్చాక బకాయితో సహా వచ్చింది. కాని ఆ రెండు నెలలు పడిన బాధకు బకాయి ఎవరు కడతారు?

అందుచేత నేను మీకు ఒక్క మాట గుర్తు పెట్టుకోమంటాను. నంబరు చేతికి రానంతవరకు పని కాలేదు. దీపం జవాబు కాదు. చక్రం జవాబు కాదు. ఆ అబ్బాయి నోటిమాట జవాబు కాదు. ప్రమాణ్ నంబరుతో ఫోనుకు వచ్చిన సందేశం, ఆ నంబరున్న ముద్రిత కాగితం, ఇవి జవాబు. పి.పి.ఓ. నంబరో, ఖాతా నంబరో తప్పు పడితే నంబరు పుట్టిన తరువాత కూడా పెన్షను కార్యాలయం తిరస్కరించవచ్చు. అప్పుడు సరిచేసి కొత్తది చేయించుకోవాలి. నిరుటి నంబరు ఈ ఏటికి పనికిరాదని కూడా గమనించండి.

తుపాను వచ్చినప్పుడు

మన ప్రాంతానికి తుపాను చుట్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో దాటి ఉద్దానం కొబ్బరినీ జీడితోటలనూ నేలమట్టం చేసింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి, సెల్‌ఫోను మూగబోయింది. అటువంటప్పుడు మీట నొక్కితే కబురు ఎక్కడికి పోతుంది?

కార్యక్రమం రాసినవాడు ముందుచూపు గలవాడయితే ఎక్కడికీ పోదు. కబురు ఫోనులోనే భద్రంగా ఉంటుంది. సిగ్నలు రాగానే దానంతట అదే బయలుదేరుతుంది. వరద తగ్గేదాకా తపాలు సంచి పోస్టాఫీసులో భద్రంగా ఉన్నట్టే. ముందుచూపు లేనివాడు రాసినదయితే, సిగ్నలు లేదనగానే నింపినదంతా గాలికి పోతుంది. సీతంపేట, సాలూరు కొండల మీది ఊళ్లలో ఇది తుపానునాటి మాట కాదు, నిత్యం అనుభవించే మాట. సిగ్నలు కోసం గుట్ట ఎక్కి దిగేవారికి ఈ తేడా ఏమిటో బాగా తెలుసు. పట్నంలో, మంచి సిగ్నలు ఉన్న గదిలో కూర్చుని రాసేవారికి మన గుట్టల సంగతి తెలియజెప్పవలసిన బాధ్యత మన సంఘాల మీద ఉంది.

చెప్పకుండా వెళ్లే తపాలు

ఇందులో ఇంకొక కోణం ఉంది. ఇంటి ఆడవాళ్లు, పిల్లలు కూడా ఇది శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. వెనుకనుండి కబురు పంపడానికి మీట నొక్కాలన్న నియమం లేదు. వెతుకులాట గడిలో రెండక్షరాలు కొట్టగానే కింద మాటలు వరుసగా వస్తాయి చూడండి. ఆ రెండక్షరాలు అప్పటికే సర్వరుకు వెళ్లి వచ్చాయి. మన సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే. కాని దొంగ పేజీలోనూ ఇదే ఏర్పాటు పనిచేస్తుంది. ఖాతా నంబరు గడిలో కొట్టి, అనుమానం వచ్చి, మీట నొక్కకుండా మూసేసినా, కొట్టినది కొట్టినట్టు అవతలికి వెళ్లిపోయి ఉండవచ్చు. "నేను నొక్కలేదు గదా" అన్న ధైర్యం పనికిరాదు. అనుమానం కొట్టకముందే రావాలి.

చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే దారిలో ఎవరూ చదవలేరని అర్థం. పోస్టుకార్డుకూ, సీలు వేసిన కవరుకూ ఉన్న తేడా అది. కాని కవరు మీద దొంగ చిరునామా రాస్తే, సీలు చెక్కుచెదరకుండా దొంగకే అందుతుంది. అందుచేత తాళంతో పాటు చిరునామా కూడా చూడాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పేజీల చిరునామాలు సాధారణంగా జి.ఓ.వి. డాట్ ఐ.ఎన్. అని ముగుస్తాయి. లైఫ్ సర్టిఫికెట్టు మేమే చేస్తాం, ఓ.టి.పి. చెప్పండి అని ఫోను చేసేవారు మోసగాళ్లు. వారు పంపిన లింకులు తెరవవద్దు, వారు పంపిన యాప్‌లు ఎక్కించుకోవద్దు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యం అయినకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మనం చేయవలసినవి

ఒకటి. లైఫ్ సర్టిఫికెట్టు గడువు చివరి రోజుదాకా ఆగవద్దు. చివరి రోజున అందరి అటెండర్లూ ఒకే కిటికీ దగ్గర గుమిగూడతారు, సర్వరు మొరాయిస్తుంది. కేంద్ర పెన్షనర్లకు నవంబరు నెల, ఎనభై దాటినవారికి అక్టోబరు 1 నుండే అవకాశం ఉంది. రాష్ట్ర పెన్షనర్లు ట్రెజరీ వారు ప్రకటించిన నెలలలో మొదటి వారమే పూర్తి చేసుకోవాలి.

రెండు. నంబరున్న కాగితం తీసుకోనిదే కుర్చీలోంచి లేవవద్దు. వెనుకవారు గొణిగినా సరే. ఆ నంబరును ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోవాలి. మన తపాలు బుక్కు అలవాటు పోగొట్టుకోవద్దు.

మూడు. చక్రం తిరుగుతుండగా మళ్లీ మళ్లీ నొక్కవద్దు. పేజీ మూయవద్దు. ఎంతకూ జవాబు రాకపోతే, ముందు ఫోనుకు సందేశం వచ్చిందేమో, ఖాతాలో డబ్బు తగ్గిందేమో చూసుకుని అప్పుడు రెండో ప్రయత్నం చేయాలి.

నాలుగు. గడువు అయిన తరువాత వచ్చే మొదటి నెల పెన్షను పడిందో లేదో తప్పనిసరిగా చూసుకోవాలి. పడకపోతే ఆ వారమే సంఘానికి చెప్పాలి. ఆ సోదరి మొదటి నెలలోనే మనకు చెప్పి ఉంటే రెండో నెల బాధ ఉండేది కాదు.

అయిదు. కార్యవర్గానికి నా విన్నపం. ఏటా గడువు నెలలో సంఘ భవనంలో చదువుకున్న మన పిల్లలను ఇద్దరిని కూర్చోబెట్టి సహాయ కేంద్రం నడపాలి. అధికారులకు ఒక తీర్మానం పంపాలి. తెరమీద వచ్చే జవాబులు తెలుగులో ఉండాలి. "పంపాము", "అందింది", "ఆమోదించాము" అనే మూడు మాటలు విడివిడిగా కనిపించాలి. యంత్రం కుదరనివారికి కాగితం దారి ఎప్పటికీ మూయకూడదు.

సోదరులారా, మనం ఉద్యోగం చేసిన రోజులలో అక్నాలెడ్జిమెంటు కార్డుతో రిజిస్టర్డు పోస్టు పంపేవాళ్లం. ఆ రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపేశారు. టెలిగ్రాము 2013 జులైలోనే ఆగిపోయింది. సాధనాలు మారతాయి, మారనివ్వండి. కాగితం అందినదానికి రసీదు అడగడం అనే పద్ధతి మాత్రం మారకూడదు. అది మనకు ఉద్యోగం నేర్పిన విద్య. ఇవాళ ఇంజనీర్లు కొత్త పేర్లతో చెబుతున్నది కూడా అదే. కాబట్టి ఈ యంత్రాన్ని చూసి జంకవలసిన పని లేదు. కౌంటరు ఇవతల నిలబడి ధైర్యంగా "నా నంబరేది?" అని అడగండి. హక్కున్నవాడు అడిగే ప్రశ్న అది.